చెవుల మధ్య నల్లచుక్క

కొండల మీద మంచు కరగగానే వచ్చే అడవి వెల్లుల్లి ఆకు తరిగి తరిగి ఫెర్దానె వేళ్లు పచ్చబడిపోయాయి. ఎంత కడిగినా ఆ వాసన పోదు. నడవాలో చెక్క నేల మీద పాత దుప్పటి పరిచి, ఆకు గుట్టగా పోసుకుని, అత్తాకోడళ్లిద్దరూ పొద్దున్నుంచీ కూర్చునే ఉన్నారు. ఫెర్దానె తరిగిన ఆకును అత్తగారు బెసీమె ఉప్పుతో కలిపి, గొర్రెపాల పనీరు ముక్కల మధ్య పొరలు పొరలుగా కుండలోకి కూరుతోంది. పొర వేసినప్పుడల్లా పిడికిలితో అదుముతోంది. లోపల గాలి మిగిలితే బూజు పడుతుంది. మూతి కట్టిన కుండల్ని పెరట్లో గుంట తీసి బోర్లించి పాతిపెడితే ఇక చలికాలం దాకా వాటి జోలికి వెళ్లక్కర్లేదు.

కిటికీ గట్టు మీద సెదెఫ్ పడుకుని ఉంది. సరస్సు పక్కనున్న వాన్ ఊళ్లో తెల్లపిల్లులకు కొదవ లేదు గాని ఇలాంటిది ఆ వీధిలో మరొకటి లేదు. మెడ చుట్టూ శాలువా కప్పినట్టు బొచ్చు, నక్కకుండేలాంటి తోక, ఒక కన్ను సరస్సు రంగు, ఇంకో కన్ను తేనె రంగు. ముత్యపుచిప్ప లోపలి మెరుపు దాని ఒంటి మీద ఉందని బెసీమే ఆ పేరు పెట్టింది.

"ఎండ ముక్కు మీద పడుతోంది. కందిపోతుంది, ఇటు రమ్మను," అంది బెసీమె. చేతికర్రతో నేల మీద రెండు పోట్లు పొడిచి, "సెదెఫ్!" అని తనే పిలిచింది. మాట్లాడే ముందు అలా కర్రతో పొడవడం ఈ మధ్య ఆవిడకు ఎక్కువైంది. పెద్దతనం అని ఫెర్దానె సరిపెట్టుకుంది. ఆవిడ పిలిచేలోపే ఫెర్దానె కాలు మార్చుకుంటున్నట్టుగా మడమను చెక్క మీద గట్టిగా ఆనించింది. పిల్లి తలెత్తి చూసింది. గట్టు దిగి, ఆకు గుట్టను చుట్టి, ఫెర్దానె మోకాలికి వీపు రుద్దుకుంటూ వచ్చి కూర్చుంది. ఒళ్లోకి మాత్రం ఎక్కదు. ఆ జాతికి ఒడి గిట్టదు.

సెదెఫ్‌కి వినపడదు. కళ్లు తెరిచిన కొన్నాళ్లకే ఫెర్దానెకు తెలిసింది. వెనకాల గట్టు మీద గిన్నె దొర్లితే పక్కనున్న పిల్లలన్నీ చెదిరిపోయాయి, ఇదొక్కటే పాలు తాగుతూ ఉండిపోయింది. నేల అదిరితే మాత్రం తెలుసుకుంటుంది. అప్పటి నుంచీ ఎవరు పిలవబోతున్నా ఫెర్దానె మడమ ముందు కదులుతుంది. పిలిస్తే పలికే పిల్లి అని ఇంటిల్లిపాదీ అనుకుంటారు.

అలా అనుకోవలసిన అవసరమే ఉంది. చెవిటిపిల్లి ఆ ఇంట్లో ఉండదు. పుట్టిన కూనను అరచేతిలో పెట్టుకుని, రెండు చెవుల మధ్య బొచ్చు పాయ తీసి చూస్తుంది బెసీమె. అక్కడ నల్లచుక్క ఉంటే ఆ కూన వింటుంది, దాని కళ్లు రెండు రంగులవుతాయి. చుక్క లేకపోతే చెవిటిది. ఏడాది తిరిగేసరికి చుక్క ఎలాగూ మాసిపోతుంది కాబట్టి చూడాల్సింది అప్పుడే. వీధిలో ఎవరింట్లో పిల్లి ఈనినా బుట్ట పట్టుకుని ఈవిడ దగ్గరికే వస్తారు. ఫెర్దానె కాపురానికి వచ్చిన మొదటి వసంతంలోనే చూసింది. చుక్క లేని కూనను పాలవాడి బుట్టలో గడ్డి మీద పెట్టి, పల్లెలో పశువుల కొట్టానికి పంపేసింది బెసీమె. తర్వాత ఒకసారి ఆ కూన ఎలా ఉందని ఫెర్దానె పాలవాణ్ని అడిగింది. ఏ కూన అన్నాడు వాడు.

సెదెఫ్ పుట్టినప్పుడు చెవుల మధ్య చుక్క ఉంది, బొగ్గుతో దిద్దినట్టు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

మధ్యాహ్నం నుర్హాన్ వచ్చింది. బెసీమె తమ్ముడి కూతురు, సరస్సు ఒడ్డున ఎద్రెమిత్‌లో భర్త యావుజ్‌తో కాపురం. చలికాలంలో కడుపు పోయినప్పటి నుంచి ముఖం పీక్కుపోయింది. ఫెర్దానె టీ పోసింది. నుర్హాన్ పంచదార పలుకు పంటి కింద పెట్టుకుని, గ్లాసు రెండు చేతులా పట్టుకుని, తాగకుండా కూర్చుంది.

"అత్తా, ఒకటి అడుగుతాను. కాదనకూడదు."

"పనీరేగా. కాదననుగాని ఇప్పుడు తింటే ఉప్పు తిన్నట్టే ఉంటుంది, చలికాలం రా," అంది బెసీమె.

"పనీరు కాదు. ఇల్లంతా చప్పుడు లేకుండా ఉంది అత్తా. యావుజ్ పొద్దున పోతే చీకటికి వస్తాడు. ఉయ్యాల అటకెక్కించేశాను. సెదెఫ్‌ని నాకిస్తావా?"

ఫెర్దానె కత్తి ఆకు మీద ఆగిపోయింది. బెసీమె కుండలోంచి చెయ్యి తీయలేదు. ఆ ఇంట పిల్లిని అమ్మరు. అడిగితే ఇస్తారు. అందులోనూ పుట్టింటి పిల్ల, ఎన్నడూ ఏదీ అడగనిది, ఇలాంటి స్థితిలో అడిగితే ఇవ్వనని అనడం కుదరదు. జీవానికి ఏదైనా లోపం ఉందని చెబితే అడిగినవాళ్లే వద్దంటారు. మర్యాద చెడకుండా తప్పుకునే దారి అదొక్కటే.

బెసీమె ముందు కోడలి వైపు చూసింది. తర్వాత పిల్లి వైపు చూసింది.

"శుక్రవారం నమాజు అయ్యాక వచ్చి తీసుకెళ్లు," అంది.

*

పిల్లిని సిద్ధం చేసే పని ఫెర్దానెదే. బొచ్చు రాలే కాలం. చలికాలపు బొచ్చంతా ఊడి, ఎండలు ముదిరేసరికి తోక తప్ప ఒళ్లంతా మామూలు పిల్లిలా అయిపోతుంది. పళ్లు ఎడంగా ఉన్న ఇనప దువ్వెనతో మొదట మెడ కింద, తర్వాత వీపు, అన్నిటికన్నా చివర పొట్ట. చంకల్లోనూ చెవుల వెనకా ఉండలు కట్టిన చోట దువ్వెన వాడదు. వేళ్లతో విడదీస్తుంది. తోకను దువ్వేటప్పుడు మొదలు దగ్గర పట్టుకుని చివరి వైపు లాగకూడదు, చివరి నుంచి కొంచెం కొంచెంగా పైకి రావాలి. దువ్వెనకు వచ్చిన బొచ్చును ఉండ చుట్టి పక్కన పెడుతుంటే సెదెఫ్ పంజాతో దాన్ని తోస్తూ ఆడింది.

పెద్ద రాగి తొట్టిలో గోరువెచ్చని నీళ్లు పోసింది. వేరే పిల్లులైతే పట్టుకోవడానికి ఇద్దరు కావాలి. సెదెఫ్ తనే దూకి, నీళ్లలో కాళ్లు ఆడిస్తూ, తోకతో నేలంతా తడిపేసింది. తువ్వాలులో చుట్టి పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు పెద్దగా అరిచింది. దాని అరుపు ఎప్పుడూ అంతే. తన గొంతు తనకు వినపడని జీవం ఎంత గట్టిగా అరవాలో ఎలా తెలుస్తుంది.

మినీబస్సు నిలిపి భోజనానికి వచ్చిన భర్త సబ్రి గుమ్మంలో నిలబడి చూశాడు. "పిల్లి పోతే ఏంలే. రేపట్నుంచి నన్ను దువ్వు."

"దువ్వడానికి నీ తల మీద ఏం మిగిలిందని," అంది ఫెర్దానె. అతను నవ్వాడు. ఆమె తల తిప్పుకుని తువ్వాలు సర్దింది.

చెప్పేద్దామని అనుకుంది. అత్తగారితో, అది చెవిటిది, నుర్హాన్ ఇంటి ముందు రోడ్డుంది, పంపొద్దు అని. ఆ వెంటనే పాలవాడి బుట్ట కళ్ల ముందుకు వచ్చింది. ఇన్నాళ్లూ దాచినందుకు తనను అనే మాటల సంగతి అటుంచి, లోపం బయటపడిన పిల్లిని బెసీమె ఏం చేస్తుందో ఫెర్దానెకు తెలుసు. నుర్హాన్ ఇంట్లో మెత్తటి పక్కయినా ఉంటుంది. కొట్టంలో కుక్కలుంటాయి.

శుక్రవారం నుర్హాన్ పరుపు వేసిన బుట్టతో వచ్చింది. బెసీమె నేల మీద గుడ్డ పరిచి, మధ్యలో రొట్టె పెట్టి, కుడిచేయి పిల్లి వీపు మీద వేసింది. లోపం చెప్పకుండా ఏ జీవాన్నీ గడప దాటించకూడదన్నది ఆ ఇంటి పద్ధతి. ఆవిడ మామగారు పశువుల బేరగాడు. ఆవునిచ్చినా గొర్రెనిచ్చినా రొట్టె ముందు కూర్చుని లోపాలు చెప్పి ఇచ్చేవాడట.

"విను నుర్హాన్. దీని బొచ్చు రాలుతుంది, అన్నంలో కూడా వస్తుంది. మొండిది. తలుపు మూస్తే తెరిచేదాకా గోకుతుంది. నీళ్లు కనపడితే దూకుతుంది, బకెట్టయినా సరస్సయినా ఒకటే. ఒక్క మనిషినే నమ్ముతుంది, ఆ మనిషివి నువ్వయ్యేదాకా ఓర్చుకోవాలి." బెసీమె ఆగింది. కర్రతో నేలను ఒకసారి పొడిచి కోడలి వైపు తిరిగింది. "రోజూ దీన్ని దువ్వేది నువ్వు. నాకు తెలియనిది నీకేమన్నా తెలిస్తే ఇప్పుడే చెప్పు."

"ఏమీ లేదత్తయ్యా."

"బాగా ఆలోచించుకో."

"ఏమీ లేదు," అంది ఫెర్దానె, రొట్టె వైపు చూడకుండా.

బెసీమె చెయ్యి పిల్లి వీపు మీద చాలాసేపు అలాగే ఉంది. తర్వాత తీసేసింది. "అయితే సరే. నీకు హలాల్, మనస్ఫూర్తిగా ఇచ్చాను," అంది.

ఫెర్దానె గేటు దాకా వెళ్లింది. పిలిచే ముందు కాలితో నేలను తట్టాలని, దానికి అలా అలవాటయిందని చెప్పింది. నిద్రలో ఉంటే వెనక నుంచి ముట్టుకోవద్దని, ఎదుటికి వెళ్లి కనపడాలని, ఉప్పుచేపను రాత్రంతా నానబెట్టి ఉప్పు పోయాకే పెట్టాలని, రోడ్డు మీదకు అసలు వదలొద్దని చెప్పింది.

"పిల్లిని పంపుతున్నావా, పెళ్లికూతుర్ని పంపుతున్నావా అక్కా?" అని నుర్హాన్ నవ్వింది. ఎన్నో నెలల తర్వాత ఆమె నవ్వడం చూసి ఫెర్దానె ఇంకేం మాట్లాడలేకపోయింది.

*

ఆ తర్వాత వారం మధ్యలో, కుండ ఒక్కటి తప్ప అన్నీ నిండాక, ఫెర్దానె సబ్రి మినీబస్సులోనే ఎద్రెమిత్ వెళ్లింది. చేతిలో నానబెట్టిన చేపముక్కల డబ్బా. నుర్హాన్ ఇల్లు కొత్తది. భూకంపం తర్వాత కట్టిన కాంక్రీటు మేడలో పై వాటా, నేలంతా నున్నటి పలకలు. గుమ్మంలో చెప్పులు విడిచి లోపల కాలు పెట్టగానే ఆ చల్లదనం ఫెర్దానె అరికాళ్లకు తగిలింది. అప్పుడే ఆమెకు విషయం అర్థమైంది.

సెదెఫ్ గోడ పక్కన అటు తిరిగి పడుకుని ఉంది. దాని కింద పసిపిల్లల బొంత, పసుపుపచ్చ బాతుల బొమ్మలున్నది. ఫెర్దానె మడమతో నేలను కొట్టింది. మళ్లీ కొట్టింది. పలక కదల్లేదు. పిల్లి చెవి కూడా కదల్లేదు.

"ఇదీ సంగతి," అంది నుర్హాన్ వంటింట్లోంచి వస్తూ. "వంద పిలుపులు పిలిచినా తల తిప్పదు, పొగరు. నువ్వు చెప్పావని కాళ్లు నొప్పెట్టేలా తొక్కుతున్నా. కింద వాళ్లు ఏమనుకుంటున్నారో."

ఆ మాటల్లో విసుగు లేదు. మాట వినని పిల్లవాడి గురించి చెప్పుకుంటున్నట్టుంది. ఫెర్దానె వెళ్లి పిల్లి ఎదురుగా కూర్చుంది. సెదెఫ్ కళ్లు తెరిచి చూసింది. లేచి, వాడకట్టంతా వినిపించేలా అరిచి, ఆమె చేతుల మీద తల బాదుకుంది. ఒళ్లోకి ఎక్కని పిల్లి ఆ రోజు ఒళ్లోకి ఎక్కింది. ఫెర్దానె చెవుల వెనక వేళ్లు పెట్టి చూసింది. ఒక్క ఉండ లేదు. నుర్హాన్ బాగానే దువ్వుతోంది.

"నుర్హాన్," అంది ఫెర్దానె.

"ఊఁ?"

బొంత మీద బాతులు వరసగా ఉన్నాయి. ప్రతి బాతు ముక్కునూ చేత్తో కుట్టింది నుర్హాన్. సందేహం లేదు, ఆ కుట్టు ఆమెదే.

"దాన్ని బయటికి వదలకు."

"ఎక్కడ వదులుతున్నా. యావుజ్ బండి వచ్చాక మాత్రం దాని కింద చేరుతుంది, ఇంజను వేడిగా ఉంటుందిగా. అక్కడి దాకేలే."

తిరుగుదారిలో ఫెర్దానె కిటికీ పక్క కూర్చుని సరస్సును చూస్తూ ఒక నిర్ణయానికి వచ్చింది. నుర్హాన్‌తో తను చెప్పలేకపోయింది. అత్తగారికే చెప్పాలి. తిరిగి తెచ్చే హక్కు ఆవిడకే ఉంది. ఏమన్నా పడాలి.

బెసీమె పెరట్లో నిలబడి, సబ్రి నిన్న తవ్విన గుంటల్లో కుండలు సరిగ్గా బోర్లించారో లేదో కర్రతో తట్టి చూస్తోంది. ఫెర్దానె దగ్గరికి వెళ్లి నిలబడింది.

"బాగుందా?" అంది బెసీమె, తల ఎత్తకుండా.

"బాగుంది."

"తింటోందా?"

"తింటోంది."

బెసీమె ఒక కుండ మీద మట్టి సర్దింది. సర్దిన మట్టినే మళ్లీ సర్దింది. "పిలిస్తే వస్తోందా?"

ఫెర్దానె వంగి చెప్పు మీది మట్టి దులుపుకుంది. "కొత్త చోటు కదత్తయ్యా," అంది.

బెసీమె ఆమె ముఖంలోకి చూసింది. ఇంకా ఏదో వినాలని ఆగినట్టు నిలబడింది. తర్వాత, మిగిలిన గుంట పూడ్చవద్దని, చివరి కుండ రేపు పెడదామని చెప్పి లోపలికి వెళ్లింది. రేపు చెబుతాను అనుకుంది ఫెర్దానె. పొద్దున్నే, టీ దగ్గర.

*

పొద్దున టీ ఇంకా కాగుతుండగానే యావుజ్ బండి గేటు ముందు ఆగింది. అతను దిగలేదు, స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. నుర్హాన్ దిగింది. చేతుల్లో బాతుల బొంత చుట్టి ఉంది. బొంత అంచు నుంచి తెల్లటి తోక వేలాడుతోంది.

నడవాలో చెక్క నేల మీద దాన్ని దించి పక్కనే కూలబడింది. ఏడవడం లేదు. యావుజ్ పనికి బయల్దేరాడని, ఇంజను వేశాడని, వెనక్కి తీయబోతూ హారన్ కూడా కొట్టాడని చెప్పింది. పిల్లి బండి కింద ఉంటుందని తెలిసే కొట్టాడట.

"కిటికీలోంచి నేను కేకేశానత్తా. గొంతు పోయేలా అరిచాను. పక్కింటివాళ్లు బయటికొచ్చారు. అది మాత్రం కదల్లేదు. వినపడనట్టే పడుకుంది."

ఫెర్దానె అత్తగారి వైపు చూసింది. ఎందుకు వినపడలేదని ఆవిడ ఇప్పుడు అడుగుతుంది. అడిగితే చెప్పాలి. బెసీమె అడగలేదు. ఆవిడ ముఖంలో దుఃఖం ఉంది గాని ఆశ్చర్యం లేదు. కర్రను గోడకు ఆనించి, మెల్లగా కింద కూర్చుని, బొంత మీద చెయ్యి వేసింది.

"నా చేతిలో ఏదీ నిలవదత్తా," అంది నుర్హాన్. "ఏదిచ్చినా ఇంతే. నేనే సరిగ్గా చూసుకోలేకపోయాను. నాకివ్వకుండా ఉండాల్సింది."

ఆ మాటకు బెసీమె భుజాలు వంగాయి. ఫెర్దానెను రొట్టె తెమ్మంది. ఫెర్దానెకు అర్థం కాలేదు. అయినా తెచ్చింది. బెసీమె రొట్టెను బొంత పక్కన పెట్టి, కుడిచేయి పిల్లి వీపు ఉన్నచోట ఉంచింది.

"నుర్హాన్, విను. దీనికి చెవులు వినపడవు. పుట్టినప్పటి నుంచీ అంతే. నాకు తెలుసు. తెలిసి చెప్పకుండా ఇచ్చాను. తప్పు నాది, నీది కాదు. నువ్వు బాగానే చూశావు."

వంటింట్లో టీ పొంగి పొయ్యి మీద పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నాకూ తెలుసు," అంది ఫెర్దానె.

నుర్హాన్ ఒకరి తర్వాత ఒకరి ముఖం చూసింది. "ఇద్దరికీ తెలుసా," అంది. అది ప్రశ్నలా లేదు. లేచి చెప్పులు వేసుకుంది. ఫెర్దానె టీ తాగి వెళ్లమంది. వద్దనలేదు, ఆగలేదు. గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. బొంత కోసమేమో అనుకున్నారు. పిల్లి తోక మీద బొంత అంచు కప్పి వెళ్లిపోయింది.

చివరి కుండ కోసం ఉంచిన గుంటలో సబ్రి దాన్ని పూడ్చాడు. బొంతతోనే పూడ్చారు. పనీరు కుండ వంటింటి మూల అలాగే ఉండిపోయింది.

మట్టి కప్పాక బెసీమె పెరట్లో పీట మీద కూర్చుంది. ఫెర్దానె చేతులు కడుక్కుని వచ్చి ఆవిడ పక్కన నిలబడింది. అత్తగారి కర్ర కొస వైపు చూస్తూ, ఆ కర్ర రెండు పోట్లు ఎప్పుడెప్పుడు పడేవో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. ప్రతిసారీ సెదెఫ్‌ని పిలిచే ముందే.

"నువ్వు చెప్తావనుకున్నాను," అంది బెసీమె. "రోజూ దువ్వేదానివి, నీకు తెలియకుండా ఉండదు. నువ్వు చెప్తే ఇవ్వకుండా ఆపుదామనుకున్నాను."

"పాలవాడికి ఇచ్చేస్తారని భయపడ్డాను."

బెసీమె తల ఊపింది. ఆ భయం న్యాయమైనదే అన్నట్టు.

"నా నోటితో ఎలా చెప్పనమ్మాయ్. దీనికి చుక్క ఉంది. నా చేత్తో పాయ తీసి నేనే చూశాను. చుక్కున్నది చెవిటిదైతే..." ఆవిడ తన వేళ్ల వైపు చూసుకుంది. "చుక్క లేదని పంపేసినవాటిలో వినేవి ఎన్ని ఉన్నాయో."

ఫెర్దానె పీట పక్కనే నేల మీద కూర్చుంది.

సాయంత్రం నాలుగిళ్ల అవతల నుంచి గుల్దానె బుట్ట పట్టుకుని వచ్చింది. పిల్లి ఈనింది, పిల్లలన్నీ తెల్లవే, ఏది ఉంచుకోవాలో చెప్పమంది. బెసీమె బుట్ట ఒళ్లో పెట్టుకుంది. కళ్లు తెరవని కూనలు ఒకదాని మీద ఒకటి పాకుతున్నాయి. ఆవిడ వేళ్లు అలవాటు కొద్దీ ఒక తల మీదికి వెళ్లి, బొచ్చు పాయ తీయకుండానే ఆగిపోయాయి.

"నాకు తెలియదు," అంది బుట్ట తిరిగి ఇస్తూ.

"అదేంటి పెద్దమ్మా, నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుసు?" అని గుల్దానె నవ్వింది.

"ఎవరికీ తెలియదు. అన్నిటినీ ఉంచుకో."

గుల్దానె వెళ్లాక ఫెర్దానె వంటింట్లోకి వెళ్లింది. నిన్న రాత్రి నానబెట్టిన చేపముక్క గిన్నెలో ఉంది. పిల్లి ఇల్లు మారినా ఆమె చేతులు నానబెట్టడం మానలేదు. నీళ్లు వంచి, ముళ్లు ఏరి, ముక్కను గట్టు కింద మామూలు చోట పెట్టింది. పెట్టాక గాని తను ఏం చేస్తోందో తెలియలేదు. అప్పటికే మడమ చెక్క మీద ఆనింది.

పక్క గదిలోంచి కర్ర రెండుసార్లు నేలను పొడిచింది.

చెక్క అదిరింది. ఫెర్దానె గిన్నె పట్టుకుని గుమ్మం వైపు చూస్తూ నిలబడింది. గోడకు అవతల బెసీమె కూడా పిలవలేదు.